ఫిర్యాదును మూసే హక్కు ఎవరిది?

గుంత ఉన్నచోటే ఉంటుంది. యాప్‌లో మాత్రం 'పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చేస్తుంది. వీధి సమస్యలను ఫోన్‌లో ఫొటో తీసి అధికారులకు పంపే యాప్‌ల మీద గొడవ రేగిన ప్రతిసారీ వినిపించే మొదటి ఆరోపణ ఇదే. ఇప్పుడు మళ్లీ అదే వినిపిస్తోంది. సిబ్బంది బద్ధకమని కొందరు, సాఫ్ట్‌వేర్ లోపమని కొందరు అంటున్నారు. దీని మూలం ఇంకా వెనక ఉంది. పని పూర్తయిందని తేల్చే అధికారం ఒక దశలో ఫిర్యాదు చేసినవాళ్ల చేతిలోంచి జారిపోయింది.

2007 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఒక వెబ్‌సైట్ పెట్టింది. కొన్ని నెలలకే దాని పేరు ఫిక్స్‌మైస్ట్రీట్‌గా మారింది. మ్యాప్ మీద చోటు గుర్తించి, నాలుగు ముక్కలు రాసి, ఫొటో జత చేస్తే చాలు. ఆ రోడ్డు ఏ కౌన్సిల్ (స్థానిక పాలక మండలి) కిందికి వస్తుందో సైటే వెతికి ఈమెయిల్ పంపుతుంది. ఏ శాఖకు రాయాలో తెలియక ఊరుకునేవాళ్లకు అదే పెద్ద ఊరట. అయితే అంతకంటే ముఖ్యమైన ఏర్పాట్లు మరో రెండున్నాయి. ఒకటి, ఫిర్యాదు అందరికీ కనబడేలా అక్కడే ఉంటుంది. రెండోది, నాలుగు వారాల తర్వాత సైట్ ఫిర్యాదుదారుకే ఈమెయిల్ రాసి, సమస్య తీరిందా అని అడుగుతుంది. జవాబు చెప్పాల్సింది అక్కడ నివసించే మనిషి.

మలుపు 2010 ప్రాంతంలో వచ్చింది. నగరానికో యాప్, యాప్‌కో పద్ధతి ఉంటే కష్టమని ఓపెన్311 అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించారు (అమెరికా నగరాల్లో పౌర సేవల ఫిర్యాదులకు వాడే ఫోన్ నంబరు 311). శాన్‌ఫ్రాన్సిస్కో వంటి అమెరికా నగరాలు దాన్ని అమల్లో పెట్టాయి. ఎవరు తయారు చేసిన యాప్ అయినా నేరుగా నగర కార్యాలయం సిస్టమ్‌లోకి ఫిర్యాదు పంపగలగడం నిజంగా గొప్ప సౌకర్యం. కానీ ఆ ప్రమాణంలో ఫిర్యాదుకు రెండే స్థితులున్నాయి: ఓపెన్, క్లోజ్డ్. ఎందుకు మార్చారో రాయడానికి ఒక గడి ఉంది. ఫిర్యాదుదారు ఒప్పుకున్నారా లేదా అన్నదానికి గడి లేదు.

ఈ లోటు ఇంత నష్టం ఎందుకు చేసిందో తెలియాలంటే 2000కి వెళ్లాలి. ఆ ఏడాది అమెరికాలోని బాల్టిమోర్ నగర మేయర్ మార్టిన్ ఓమాలీ సిటీస్టాట్ అనే పద్ధతి మొదలుపెట్టారు. శాఖాధిపతులను క్రమం తప్పకుండా పిలిచి, అంకెలు ముందు పెట్టి నిలదీసేవారు. జవాబుదారీతనం పెంచాలన్న ఉద్దేశంతో వచ్చిన ఈ పద్ధతిని తర్వాత చాలా నగరాలు అనుసరించాయి. అయితే పెండింగ్ అంకె తగ్గితేనే మంచి పేరొస్తుందని ఒకసారి స్థిరపడ్డాక, ఆ అంకెను తగ్గించే బటన్ కూడా అదే అధికారి చేతిలో పెట్టడం పెద్ద పొరపాటు.

న్యూయార్క్‌లో 2003లో మొదలైన 311 సేవ రికార్డులు బహిరంగంగా దొరుకుతాయి కాబట్టి ఫలితాన్ని అక్కడ ఎవరైనా చూడవచ్చు. అడ్డదిడ్డంగా ఆపిన వాహనాల మీద చేసిన ఫిర్యాదుల్లో పదేపదే ఒకే మాట కనిపిస్తుంది: పోలీసులు స్పందించారు, ఆ సమయానికి ఉల్లంఘన జరిగిన ఆధారమేమీ కనిపించలేదు. కారు అప్పటికే వెళ్లిపోయిందా, అసలు ఎవరూ రాలేదా? ఆ వాక్యాన్ని బట్టి తెలుసుకునే దారి లేదు. ఫిర్యాదు మాత్రం క్లోజ్డ్.

అధికారుల వాదన కూడా ఉంది. ఒకే గుంత మీద ఇరవై ఫిర్యాదులు వస్తాయి, కొన్ని రోడ్లు తమ పరిధిలోనే ఉండవు, వేరే శాఖకు పంపాక తమ వైపు మూయక తప్పదు అంటారు. నిజమే. అలాంటప్పుడు 'వేరే శాఖకు పంపాం' అనే రాయాలి. 'పరిష్కరించాం' అని రాస్తే, ఫిర్యాదు చేసిన మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చాలామంది మొదలుపెట్టరు.

ఇలా ఉన్నదున్నట్టు నమోదు చేయడం సాంకేతికంగా సాధ్యం కాదనడానికీ వీల్లేదు. ఫిక్స్‌మైస్ట్రీట్‌లో 'మా బాధ్యత కాదు', 'ఇప్పటికే వచ్చిన ఫిర్యాదు' అనేవి విడివిడి స్థితులు. బాగైందని కౌన్సిల్ చెప్పడం ఒకటి, పౌరులు చెప్పడం మరొకటి. ఆ రెండింటినీ అక్కడ వేర్వేరుగానే నమోదు చేస్తారు.