గోదారి బురదలో ఆర్‌సీ బండి: మోటారు మీద అపోహలు - వాస్తవాలు

కోనసీమలో రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లకు వైండింగ్ కట్టే షెడ్డు నాది. ఓ పక్క బల్ల మీద ఆర్‌సీ ట్రక్కులు, బగ్గీలు, అంటే రిమోట్‌తో నడిపే చిన్న బళ్లు కూడా బాగుచేస్తుంటాను. వానాకాలం మొదలైతే ఆ బల్ల ఖాళీగా ఉండదు. కుర్రాళ్లందరిదీ ఒకటే మాట: "నీళ్లలో పడింది బాబాయ్, మోటారు పోయింది." విప్పి చూస్తే చాలాసార్లు తప్పు నీళ్లది కాదు, ఆరబెట్టకుండా మంచం కింద పెట్టేసిన బురదది.

అపోహ: నీళ్లు తగిలితే మోటారు కాలిపోతుంది.

బ్రష్‌లెస్ మోటారులో, అంటే కార్బన్ బ్రష్‌లు లేని రకంలో, రాగి తీగకి ఎనామిల్ పూత ఉంటుంది. సెన్సార్ లేని రకమైతే లోపల తీగ, ఇనుప రేకులు, అయస్కాంతం, రెండు బేరింగులు తప్ప ఇంకేమీ ఉండదు. మంచినీళ్లలో మునిగినా తిరుగుతుంది. సెన్సార్ ఉన్నదైతే వెనక చిన్న బోర్డు మీద అయస్కాంతం ఎటు తిరిగిందో కనిపెట్టే హాల్ సెన్సార్లు ఉంటాయి, అక్కడికి తడి చేరితే బండి కుదుపులు పెడుతుంది. బ్రష్ మోటారు కూడా నీళ్లలో తిరిగేదే. కొత్త బ్రష్‌లు కుదురుకోవడానికి గ్లాసుడు నీళ్లలో తక్కువ వోల్టేజీ మీద కాసేపు తిప్పే పాత పద్ధతి ఒకటుంది. అలాగని రోజూ కాలవలో దించకండి, కార్బన్ త్వరగా అరిగిపోతుంది. అసలు తడికి ముందు పోయేవి మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్.

అపోహ: పెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంది, ఎక్కడైనా దించొచ్చు.

ఆ రాత ఎక్కువగా ఎలక్ట్రానిక్స్‌ గురించే. బేరింగులకి అది వర్తించదు. పెట్టె మీద ఉండే ఐపీ 67 అనే రక్షణ గుర్తుకి అర్థం మీటరు లోతులో 30 నిమిషాలు, అదీ మంచినీళ్లలో. ఓడలరేవు, అంతర్వేది వైపు పాయల్లో పోటు వేళ ఉప్పునీరు ఎగదన్నుతుంది. సముద్రపు నీటిలో కరెంటు నదినీటిలో కంటే సుమారు వంద రెట్లు తేలిగ్గా పారుతుంది. ఒక్క సాయంత్రం చాలు, కనెక్టర్ల మీద పచ్చని చిలుము పట్టడానికి.

అపోహ: మోటారు నిండా గ్రీజు కూరితే బురద దూరదు.

దీనికి నేను ఎన్ని మోటార్లు విప్పానో! బ్రష్‌కీ, అది రాసుకునే రాగి కమ్యుటేటర్‌కీ మధ్య గ్రీజు చేరితే కరెంటు సరిగ్గా అందదు, నిప్పురవ్వలు లేస్తాయి, రాగి నల్లబడుతుంది. అంతకంటే పెద్ద తంటా ఒండ్రుతో. మన గోదారి ఒండ్రు రేణువు 0.06 మిల్లీమీటర్లలోపే. అది గ్రీజుకి అంటుకుని, ఇంజన్ వాల్వులు రుద్దడానికి మెకానిక్కులు వాడే పేస్టులా తయారవుతుంది. మీరే సానబెట్టే మందు కలిపి మోటారుకి పూసినట్టు లెక్క.

చెయ్యాల్సిందల్లా బేరింగు మార్చడం. చాలా బళ్లలో వచ్చే రేకు మూత బేరింగుకి లోపలి రింగు పక్కన సన్నని సందు ఉంటుంది, ఒండ్రుకి అదే వీధి గుమ్మం. రబ్బరు మూతది అడిగి తీసుకోండి. కాస్త బరువుగా తిరుగుతుంది, పరవాలేదు. ఇక ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చి, ఎర్రనీరు దిగుతున్న రోజుల్లో ఏ రబ్బరూ ఆగదు. బండిని అటకెక్కించండి.

అపోహ: మోటారు కాలుతోందంటే లోపలికి నీళ్లు దూరాయి.

కాదు, బరువు ఎక్కువైంది. దమ్ము చేసిన చేలో తిప్పితే చక్రానికి శేరు అడుసు పట్టుకుంటుంది. కాలవ గట్టున గుర్రపుడెక్క వేళ్లు ఇరుసుకి చుట్టుకుంటాయి. ముందు అవి లాగి చూడండి. బురదలో తిప్పేవాళ్లు పినియన్, అంటే మోటారు ఇరుసు మీది చిన్న పళ్లచక్రం, ఒకటి రెండు పళ్లు తక్కువది వేసుకోవాలి. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, మళ్లీ చల్లారినా ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. అలాగని కాలే బండిని నీళ్లలో ముంచకండి. రిసీవర్ పెట్టెలో వేడిగాలి ఒక్కసారిగా ముడుచుకుని, సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది.

అపోహ: బియ్యం డబ్బాలో పెడితే ఆరిపోతుంది.

తవుడు దూరుతుంది. ఫ్యాను గాలి చాలు.

అపోహ: డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే నూనె వేసినట్టే.

అది తడిని తరమడానికి పుట్టింది, పేరులోనే ఉంది: డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్. బేరింగుకి నూనెగా నిలవదు. బురద ఆరకముందే, అదే సాయంత్రం, ప్రెషర్ పంపు లేకుండా చెంబుతో మంచినీళ్లు పోసి కడగండి. బ్యాటరీ తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ బురదంతా వదిలించండి. తర్వాత స్ప్రే, తర్వాత గాలి. చివర బేరింగుకి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. కమ్యుటేటర్ మీద మాత్రం పడనివ్వకండి.

మర్నాడు బేరింగుని వేలికి తొడిగి తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. కరకరమంటే మార్చేయడమే. అలాంటిదాన్ని నూనెతో బతికించబోయి నేనే ఓ మంచి మోటారు పోగొట్టుకున్నాను. బాల్స్ చితికి, రోటరు పక్కకి వాలి లోపలంతా గీరేసింది. ఇప్పుడది బిల్లు కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద కాపలా కాస్తోంది.