జెల్డా ఆర్‌పీజీయేనా? మీ గొడవకి పెదనాన్న జవాబు

చిన్నోడికీ, బుజ్జికీ,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నన్ను పక్కన పెట్టేసి, జెల్డా అనే వీడియో గేమ్ ఆర్‌పీజీయే, అంటే రోల్ ప్లేయింగ్ గేమే అని ఒకళ్ళు, కానే కాదని ఇంకొకళ్ళు జుట్లు పట్టుకున్నారు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్నోడా, అందులో మనం లింక్ అనే వీరుడి పాత్ర వేస్తాం కాబట్టి రోల్ ప్లేయింగే అన్నావు. ఆ లెక్కన మారియో కూడా ఆర్‌పీజీయే కదరా, ప్లంబర్ పాత్ర వేస్తున్నాంగా! పేరుకి అర్థం చెప్పుకుంటే ఈ గొడవ తేలదు. ఆ పేరు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట నుంచి వచ్చింది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. నీ పాత్రకి బలం ఇంత, తెలివి ఇంత అని కాగితం మీద అంకెలుంటాయి. కత్తి దూశావనుకో, ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకి నీ పాత్ర బలం కలిపి, దెబ్బ తగిలిందో లేదో తేలుస్తారు. నీకు నిజంగా కత్తి తిప్పడం వచ్చా అని ఎవరూ అడగరు. గెలిచేకొద్దీ అనుభవం పాయింట్లు, వాటితో లెవెల్, దాంతో అంకెలు పెరుగుతాయి.

నన్నడిగితే అసలు కిటుకు అక్కడే ఉంది. గెలుపు ఎక్కడి నుంచి వస్తోంది, నీ వేళ్ళ నుంచా, పాత్ర అంకెల నుంచా? ఏ ఆటనైనా ముందు ఈ ప్రశ్న అడగండి.

డయాబ్లో అనే కంప్యూటర్ ఆట సంగతి చూడండి. దాన్ని మొదట వంతులవారీ ఆటగానే అనుకున్నారు, నువ్వొక అడుగు వేస్తే రాక్షసుడొక అడుగు, మన అష్టాచెమ్మాలా. వంతులు తీసేద్దామని పైనుంచి ఒత్తిడి వస్తే దాన్ని తయారుచేస్తున్న డేవిడ్ బ్రెవిక్‌కి మొదట ఇష్టం లేదు. చివరికి కూర్చుని కోడ్ మార్చి, ఒక అస్థిపంజరం మీద మౌస్ నొక్కాడు. వీరుడు నడుచుకుంటూ వెళ్ళి ఒక్క దెబ్బతో దాన్ని పొడి చేశాడు. అంతే, ఆయన మనసు మారిపోయింది! యాక్షన్ ఆర్‌పీజీ, అంటే వంతులు లేకుండా అప్పటికప్పుడే కొట్లాడే రకం, అనగానే చాలామందికి ఇవాళ్టికీ గుర్తొచ్చేది ఆ నొక్కుడే. కానీ ఆ మొదటి డయాబ్లోలో నొక్కడం వరకే నీ పని, దెబ్బ తగిలిందా లేదా అని లోపల కనపడని పాచిక పడుతూనే ఉంటుంది. డార్క్ సోల్స్ (2011) అలా కాదు, కత్తి ఆనితే తగిలినట్టే, అందుకే లెవెల్ ఒక్కటి కూడా పెంచకుండా ఆట మొత్తం ముగించిన మొండివాళ్ళున్నారు. రెండూ యాక్షన్ ఆర్‌పీజీలే, కానీ ఒకటి పాచికకి దగ్గర, ఇంకొకటి వేళ్ళకి దగ్గర.

ఫైర్ ఎంబ్లమ్ లాంటి టాక్టికల్ ఆర్‌పీజీలు గళ్ళ మీద ఆడే ఆటలు, పులిజూదం ఆడినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

రోగ్‌లైక్ అనే రకం మాత్రం నాకు పాత పుండు. 1980లో వచ్చిన రోగ్ అనే ఆట పేరే ఆ జాతికి పెట్టారు. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా పుడుతుంది, చస్తే సేవ్ ఫైలు కూడా పోతుంది. కాలేజీ ల్యాబ్‌లో దాని తమ్ముడు నెట్‌హ్యాక్ రాత్రంతా ఆడి, తెల్లారుజామున, కంగారులో ఏదో తెలియని సీసా తాగి చచ్చాను. మళ్ళీ మొదటి అంతస్తు. ఆ పూట పరీక్ష కూడా ఉంది, మీ నాన్నకి చెప్పకండి.

ఇక బుజ్జీ, జపాన్‌లో చేస్తే జేఆర్‌పీజీ అన్నావు. సగమే నిజం. 1986లో జపాన్‌లో యూజీ హోరీ డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట చేసినప్పుడు, తిరగడానికి అల్టిమాలా పైనుంచి కనపడే పటం, కొట్లాటకి విజార్డ్రీలా ఎదురెదురు తెర తీసుకున్నాడు. ఆ రెండూ అమెరికా ఆటలే! అక్కడి నుంచి పెరిగిన అలవాట్లకే జేఆర్‌పీజీ అని పేరు పడింది, ముందే రాసిపెట్టిన హీరో, వాడితో కలిసి తిరిగే జట్టు, వంతులవారీ ఆజ్ఞలు. డార్క్ సోల్స్ పుట్టింది జపాన్‌లోనే, దాన్ని అలా పిలిచేవాళ్ళు తక్కువ. పైగా ఆ మాట అక్కడివాళ్ళందరికీ నచ్చదు. ఫైనల్ ఫాంటసీ 16 నిర్మాత నావోకి యోషిదా, మొదట్లో అది విన్నప్పుడు తమని వేరు చేసి చూస్తున్నట్టు అనిపించిందని 2023లో చెప్పాడు. నాకైతే ఆయన మాటలో తప్పేం కనపడలేదు, మన సినిమాలన్నిటికీ కలిపి ఒకే ముద్ర వేస్తే మనం ఊరుకుంటామా?

సరే, జెల్డా. 1986 నాటి మొదటి ఆటలో లింక్‌కి లెవెల్ లేదు, వంద రాక్షసుల్ని చంపినా వాడి చేతికి బలం రాదు. కొత్త కత్తి దొరకాలి, ప్రాణం పెంచే గుండెలు దొరకాలి, మిగతాదంతా నీ వేళ్ళే. కాబట్టి అది యాక్షన్ అడ్వెంచర్, గెలుపు బుజ్జిదే.

ఏడవకు చిన్నోడా. మరుసటి ఏడు, 1987లో, రెండో జెల్డా వచ్చింది. అందులో అనుభవం పాయింట్లున్నాయి, దెబ్బకీ మంత్రానికీ ప్రాణానికీ విడివిడిగా లెవెల్స్ ఉన్నాయి. ఈ ఆదివారం అది పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టు, నేను చూస్తుంటాను.

మీ పెదనాన్న