బొంత మీద సంతకాలు

డాలస్‌లో ఉన్న మా మేనకోడలు పుట్టబోయే బిడ్డకి బొంత కుడుతోంది. చుట్టాలందరూ తలా ఒక గుడ్డముక్క మీద సంతకం చేసి పంపితే, వాటన్నిటినీ అతికి కుడుతుందట. అమెరికాలో ఈ సంతకాల బొంతల సరదా 1840ల్లో బాగా పాకింది. "మావయ్యా, ఏ పెన్నుతో రాయాలి?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంట్లో ఉన్న పెన్నులన్నీ పాత పంచె మీద గీసి చూడకుండా ఎలా చెప్పను?

మార్కర్‌తో 'రాధ' అని రాశాను. చూస్తుండగానే సిరా పాకి ధ కడుపులో చుక్క పడింది. రాధ కాస్తా 'రాథ' అయి కూర్చుంది. గుండ్రటి అక్షరాల వాళ్లం, మనకిదో అదనపు టెన్షన్.

ఎందుకు పాకుతుంది? దీపంలో వత్తి చూడండి. నూనె కింద ఉంటుంది, మంట పైన ఉంటుంది, మధ్యలో ఎవరూ తోడిపోయరు. పత్తి పోగుల మధ్య సందులే నూనెని పైకి లాగుతాయి. నూలుగుడ్డ అంటే నిలువుగా, అడ్డంగా పడుకోబెట్టిన వందల వత్తులు. పెన్ను మొన ఆనిన చోట ప్రతి వత్తీ తాగడం మొదలుపెడుతుంది. మొన కదలకుండా ఉంటే, తడి వెళ్లే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది: నాలుగు సెకన్లు ఆగితే ఒక సెకనుకి వెళ్లినదానికి రెట్టింపు. అందుకే మరక మొదట్లో పరిగెత్తి తర్వాత నెమ్మదిస్తుంది. మార్కర్ సిరాలో రంగు ఆల్కహాల్ లాంటి ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది కాబట్టి ద్రవం ఎక్కడికెళ్తే రంగూ అక్కడికే.

ఈ వత్తుల దాహం మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకి ఎప్పుడో తెలుసు. గుడ్డని కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు సందుల్లో చేరి పాకడాన్ని ఆపుతుంది. ఇక నల్లరంగంటారా, తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి చేసినది. అది గుడ్డలోని టానిన్‌తో, అంటే కరక్కాయకి వగరునిచ్చే పదార్థంతో కలిసి అక్కడే నల్లబడుతుంది. పాతకాలపు యూరప్, అమెరికా రాత సిరాలదీ ఇదే కెమిస్ట్రీ, కరక్కాయ బదులు ఓక్ చెట్టు మీద బుడిపెలా పెరిగే మాచికాయ. చిక్కల్లా ఇనుముతోనే. గాలిలోని ఆక్సిజన్ పత్తిని తినేయడానికి అది దళారీ పని చేస్తుంది, సిరాలోని ఆమ్లం తోడవుతుంది. ఆ కాలపు బొంతలు కొన్నింట్లో పేరు రాసిన చోట ఇప్పుడు అక్షరాల ఆకారంలో చిల్లులున్నాయి.

వేడికి చెరిగే జెల్ పెన్నులు మాత్రం వద్దు. దాదాపు 60 డిగ్రీలకి రంగు మాయమవుతుంది, ఫ్రీజర్లో పెడితే తిరిగొస్తుంది. పసుపు, సున్నం కలిపి రక్తం చూపించే స్వాములు ఈ పెన్ను ఇంకా కనిపెట్టినట్టు లేరు. కుట్టేవాళ్లు దీన్ని గీతలకి వాడతారు సరే, సంతకం మీద ఇస్త్రీపెట్టె పెడితే చుట్టం మాయం.

నేను చెప్పింది పిగ్మెంట్ పెన్ను. ఇందులో రంగు కరగదు, నలుసులుగా తేలుతుంది. ద్రవం ముందుకి పోయినా నలుసులు పోగుల మధ్య ఇరుక్కుంటాయి, బంక వాటిని పట్టి ఉంచుతుంది. గుడ్డని ముందే ఉతికి గంజి పోగొట్టాలి. మరీ సన్నని మొన పోగుల్లో చిక్కుకుంటుంది, 0.45 మిల్లీమీటర్లది హాయి. కింద శాండ్‌పేపర్ పెడితే గుడ్డ జారదు. నొక్కకుండా, ఆగకుండా రాయాలి. ఒకరోజు ఆరాక ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయాలి.

మా అమ్మకి సంతకం రాదు. స్టాంప్ ప్యాడ్ సిరా ఒక్క ఉతుకుకే వెలిసిపోయింది. బొటనవేలికి ఫాబ్రిక్ పెయింట్ పల్చగా రాసి అదిమించాం. మొదటిసారి ముద్ద, రెండోసారి ముద్ద. మూడోసారికి గీతలు విడివిడిగా పడ్డాయి.