విమానం కిటికీలో గులాబీ చారలు

ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు ఫొటో పంపారు. వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్లే పొద్దుటి విమానంలో, కిటికీ పక్కన కూర్చుని తీసింది. రెక్క బాగానే ఉంది. దాని మీది ఆకాశం నిండా గులాబీ, ఆకుపచ్చ చారలు. ‘లెన్స్ పోయిందా, అద్దం పగలబోతోందా? టెన్షన్‌గా ఉంది’ అన్నారు.

రెండూ కాదు. లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ (ఒకే దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే అద్దం) తగిలించి ఉంటారు. అది తీసేస్తే చారలు పోతాయి. కానీ అవి ఎలా పుట్టాయో తెలిస్తే తీయబుద్ధి కాదు.

ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు పోలరాయిడ్లు, అంటే అలాంటి ఫిల్టర్లే, ఒకదానికొకటి అడ్డంగా పెడితే చీకటి అని చెప్పి వదిలేస్తాం. ఆ రెండింటి మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. విమానంలో జరిగేది అదే. మొదటి పోలరాయిడ్ ఆకాశమే. గాలి అణువుల మీద చెదిరిన ఎండలో, సూర్యుడికి 90 డిగ్రీల దిశ నుంచి వచ్చే వెలుగు చాలావరకు ఒకే దిశలో కంపిస్తుంది. పొద్దున్నే హైదరాబాద్ వెళ్తుంటే సూర్యుడు తోక వైపు ఉంటాడు కాబట్టి రెండు పక్కల కిటికీలూ ఆ ఆకాశాన్నే చూస్తాయి. రెండో పోలరాయిడ్ మీ ఫిల్టర్. మధ్యలో కిటికీ.

ఆ కిటికీ గాజు కాదు, అక్రిలిక్. పగుళ్లు పాకకుండా పలకను వేడిచేసి సాగదీస్తారు. దాంతో పొడవాటి అణువులు ఒక వరసలోకి ఒరుగుతాయి. ఇక లోపలికొచ్చిన వెలుగు రెండు పాయలై, రెండు వేగాలతో నడుస్తుంది. దీన్నే ద్వివక్రీభవనం అంటారు.

ఆర్కే బీచ్‌లో ఇద్దరు అడుగులో అడుగేసి నడుస్తున్నారనుకోండి. ఒకరు అలల అంచున గట్టిపడ్డ తడి ఇసుకలో, ఒకరు కాలు కూరుకుపోయే పొడి ఇసుకలో. ఇసుక దాటి రోడ్డెక్కేసరికి రెండోవారు కొంత వెనకబడతారు. ఒక కుడి, ఒక ఎడమ కలిపి ఒక జత అడుగులు. వెనకబడ్డ దూరం సరిగ్గా ఒకటో రెండో జతలైతే మళ్లీ కుడికాలుతో కుడికాలే పడుతుంది. అర జత తేడా వస్తే ఒకరి కుడికాలుతో ఇంకొకరి ఎడమకాలు పడుతుంది.

వెలుగులో రెండు పాయలూ ఇలాంటి జంటే, జత అడుగులే తరంగదైర్ఘ్యం. ఎరుపు జంట కాళ్లు పొడుగు, జత అడుగులు 700 నానోమీటర్లు. ఊదా జంటవి పొట్టి, 400. వెనకబాటు రెండు జంటల్లోనూ 1400 అనుకుందాం. ఎరుపుకి అది రెండు జతలు, అడుగు కలిసింది. ఊదాకి మూడున్నర, తప్పింది. అద్దం సాగిన దిశ వెలుగు కంపనానికి 45 డిగ్రీల్లో ఉంటే, అడుగు కలిసిన రంగు వచ్చిన దిశలోనే కంపిస్తూ బయటపడుతుంది, తప్పినది 90 డిగ్రీలు తిరుగుతుంది. అడ్డంగా పెట్టిన ఫిల్టర్ ఎరుపును ఆపి ఊదాను వదులుతుంది. ఫిల్టర్‌ని పావు చుట్టు తిప్పండి, అంతా తారుమారు. పలక అన్నిచోట్లా ఒకేలా సాగదు గనక వెనకబాటు చోటుకో రకం. అందుకే చారలు.

కొత్త బండితో నిమ్మకాయలు తొక్కించే మనకి కిటికీలో రంగులు అపశకునంలా తోచడం వింతేమీ కాదు. కానీ ఇవి అద్దం తయారైన రోజు నుంచీ ఉన్నవే, విమానం నేల మీదున్నా ఉంటాయి. వైజాగ్‌లో నేవీ రన్‌వే మీద మాత్రం అది పరీక్షించకండి. అక్కడ ఫొటోలు నిషేధం. ఇంట్లో లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూడండి. స్క్రీన్ వెలుగు ముందే ధ్రువణం చెందినది, అంటే ఒకే దిశలో కంపించేది. స్కేలు వంచితే రంగులు కదులుతాయి.

అసలు ఆ ఫిల్టర్ పెట్టేదే సముద్రం మీది మెరుపు తగ్గించడానికి. లంబం నుంచి దాదాపు 53 డిగ్రీల్లో నీటి మీద ప్రతిఫలించే వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది, ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది. 1921లో ఓడలో ఐరోపా నుంచి తిరిగొస్తూ సి.వి. రామన్ నికోల్ పట్టకంతో (అదీ ఒక పోలరైజరే) చేసింది ఇదే. ఆకాశపు ప్రతిబింబాన్ని తీసేసినా సముద్రం నీలంగానే ఉందని చూపించారు. ఆయన చిన్నతనం గడిచింది వైజాగ్‌లోనే, తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు.

చారలు వద్దనుకుంటే, పొద్దుటి చెన్నై విమానంలో కుడి కిటికీ తీసుకోండి. సూర్యుడు వెనకుంటాడు, ఎదుటి ఆకాశంలో ధ్రువణం బాగా తక్కువ. తెల్లటి మబ్బు ముందు కూడా చారలు వెలిసిపోతాయి, అక్కడ వెలుగు పదేపదే చెదిరి దిశ కోల్పోతుంది. ఆ మబ్బు మీద విమానం నీడ, దాని చుట్టూ రంగుల వలయం కనిపిస్తే అది అద్దం పని కాదు, నీటి బిందువులది. దానికి ఫిల్టర్ అక్కర్లేదు.