ఒక మనిషి, రెండు చిరునామాలు

మలక్‌పేట పాఠకుడొకరు అడిగారు: "ఒకే గుర్తింపు సంఖ్య మీద కంప్యూటర్‌లో నాకు రెండు చిరునామాలున్నాయి. ఒకటి మలక్‌పేట, ఇంకొకటి అంబర్‌పేట. కంప్యూటర్ దేన్ని నమ్ముతుంది?"

దేన్నీ నమ్మదు. నమ్మే జబ్బు మనది. చివర ఎక్కించిందే నిజమని పాతదాన్ని చెరిపేసే ఆచారం చాలాచోట్ల ఉంది. తాయెత్తు మీద నమ్మకానికీ దీనికీ పెద్ద తేడా లేదు. పాత కాగితం చూసి నిన్ననే ఎక్కించి ఉండవచ్చు కదా!

తర్కశాస్త్రంలో ఒక్క వైరుధ్యం చాలు, దాన్నుంచి దేన్నయినా రుజువు చేయవచ్చు, చార్మినార్ వరంగల్‌లో ఉందని కూడా. సమాచారాన్ని వరుసల పట్టికలుగా దాచుకునే డేటాబేస్ అంత దూరం పోదు. అడిగితే రెండు వరుసలూ చూపించి ఊరుకుంటుంది.

1999లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు మార్సెలో అరెనాస్, లియోపోల్డో బెర్టోసి, యాన్ హొమిట్స్కి ఒక చక్కని దారి చూపారు. పట్టికను ముట్టుకోవద్దు, జవాబును సరిచేద్దాం అన్నారు. అనవసరంగా ఒక్క వరుసా పోకుండా వైరుధ్యాన్ని మాత్రం తొలగిస్తే మిగిలేది ఒక "మరమ్మతు". మన పాఠకుడికి మరమ్మతులు రెండు: మలక్‌పేట మిగిలినది, అంబర్‌పేట మిగిలినది. అన్ని మరమ్మతులూ ఒప్పుకున్న జవాబే ఖాయమైన జవాబు.

ఈయన మలక్‌పేట వాసేనా? ఖాయంగా చెప్పలేం. హైదరాబాద్ జిల్లా వాసేనా? ఖాయం, రెండు పేటలూ ఆ జిల్లాలోవే. శుభ్రత పేరుతో రెండు వరుసలూ పారేసి ఉంటే ఈ జవాబూ పోయేది! ఇంకొకరికి మలక్‌పేట, కూకట్‌పల్లి అని ఉందనుకోండి. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోది కాబట్టి జిల్లా తేలదు. తెలంగాణ అన్నది మాత్రం చెక్కుచెదరదు. ఏ ప్రశ్నకు జవాబు చెడిందో, దేనికి బాగుందో ఈ పద్ధతి విడదీసి చూపిస్తుంది. నాకు నచ్చింది అదే.

చిక్కల్లా లెక్కలో ఉంది. ఇలాంటివారు 20 మంది ఉంటే మరమ్మతులు 10,48,576. 40 మందికి లక్ష కోట్లు దాటతాయి. అన్నీ కట్టి చూడటం కుదిరే పని కాదు. కట్టక్కర్లేదు కూడా: ప్రశ్ననే మార్చి రాస్తే సరి. "ఈ సంఖ్య మీద వరుస ఉందా, ఉన్న ప్రతి వరుసా హైదరాబాద్ జిల్లాదేనా?" అని ఆ గజిబిజి పట్టికనే అడగవచ్చు.

అన్ని ప్రశ్నలూ ఇలా లొంగవు. ఒక పట్టికలో మనుషులు, వారి పేటలు, మరొకదానిలో వైద్యులు, వారి పేటలు, రెండింటిలోనూ వైరుధ్యాలు. "ఏదో ఒక మనిషి, ఏదో ఒక వైద్యుడు ఒకే పేటలో ఉన్నారా?" చూడటానికి పసిపిల్లల ప్రశ్న. దీని ఖాయమైన జవాబు మాత్రం కో-ఎన్‌పీ-సంపూర్ణం. అంటే అన్ని సందర్భాల్లోనూ పనిచేసే వేగవంతమైన పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. పేట ఏ పట్టికకూ కీ (గుర్తింపు సంఖ్యలా ఒక్క వరుసనే పట్టివ్వాల్సిన గడి) కాకపోవడమే కారణం: ఒక మనిషి వరుసను మార్చితే ఒక వైద్యుడి ఎంపిక ఇరుకున పడుతుంది, అది ఇంకొక మనిషి ఎంపికను నొక్కుతుంది. ప్రతి పట్టికా ఒక్కసారే వచ్చే సంయోజక ప్రశ్నల్లో (షరతులన్నీ ఒకేసారి నెరవేరాలని అడిగేవాటిలో) ఏది సులువో, ఏది ఇలా మొండికేస్తుందో ముందే పోల్చుకునే పద్ధతిని 2015లో పారిస్ కుట్రిస్, యెఫ్ వైసెన్ రుజువుతో సహా ఇచ్చారు.