ఓడ దిగి వచ్చారా? కోవిడ్ నెగెటివ్ రిపోర్టు కోసం తిరగకండి

మొన్న సోమవారం ఎర్రముక్కపల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరు, ఆయన భార్య మా ల్యాబుకు వచ్చారు. సింగపూర్‌లో క్రూయిజ్ ఎక్కి వచ్చారట. జలుబు లేదు, జ్వరం లేదు. "ఆర్టీపీసీఆర్ చేయండి మేడమ్, రిపోర్టు లేకపోతే ఇబ్బందంట" అన్నారు. ఫోన్‌లో ఏదో ఆర్డరు చూపించారు. చూస్తే అది 2023 జనవరి నాటిది. తేదీ ఉన్న పై ముక్క కత్తిరించి ఎవరో పంపారు.

కడపలో మైక్రోబయాలజీ ల్యాబు నడుపుతూ ఇలాంటివి వారానికొకటి చూస్తున్నాను. అప్పట్లో చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయ్‌లాండ్ నుంచి వచ్చేవాళ్లకు టెస్ట్ తప్పనిసరి చేశారు. ఫిబ్రవరిలోనే ఎత్తేశారు. డబ్బులు దండగ చేసుకోవద్దని చెప్పి ఇద్దరినీ పంపించేశాను.

అపోహ: నెగెటివ్ వచ్చేదాకా జబ్బు తగ్గనట్టే

జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా ముంచింది ఇదే. 2022లో మైదుకూరు వైపు పిల్లోడొకడు వచ్చాడు. క్రూయిజ్ షిప్పు కిచెన్‌లో పని. జనవరిలో ఓడ మీదే కోవిడ్ వచ్చింది, క్యాబిన్‌లో ఉంచారు, తగ్గింది. కాంట్రాక్టు అయిపోయి ఫిబ్రవరి చివర్లో ఇంటికొచ్చాడు. ఊళ్లో వాళ్లు "ఓడ మీద నుంచి వచ్చినావు, టెస్ట్ చేయించుకో" అని ఊరుకోలేదు. చేయించుకుంటే పాజిటివ్! ఇంక చూడండి. పడక పశువుల కొట్టంలో. వాళ్లమ్మ అన్నం గిన్నె గోడ మీద పెట్టి దూరంగా నిలబడి ఏడ్చేదట. మూడు ల్యాబులు తిరిగాడు. ఒకచోట నెగెటివ్, మళ్లీ ఇంకోచోట పాజిటివ్. నా ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితాలన్నీ చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

ఆర్టీపీసీఆర్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని పట్టుకుంటుంది. ఆ ముక్క బతికున్న వైరస్‌దా, చచ్చినదాని తునకా అన్నది దానికి తెలియదు. పెళ్లయి చుట్టాలంతా వెళ్లిపోయాక కూడా వాకిట్లో విస్తరాకులు కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. కోవిడ్ తగ్గిన మూడు నెలల దాకా కొందరికి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. ఆ పిల్లోడి రిపోర్టులో సీటీ విలువ 34. వైరస్ ముక్క కనబడేదాకా మెషిన్ ఎన్ని రౌండ్లు తిరిగిందో చెప్పే అంకె అది, పెరిగేకొద్దీ వైరస్ తక్కువని అర్థం. పాజిటివ్‌కు కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ పెట్టిన పైహద్దు 35. సీటీ ఒక్కటే చూసి ఏదీ తేల్చకూడదు. కానీ జబ్బు మొదలైన తేదీ, ఇప్పుడు లక్షణాలేవీ లేకపోవడం కూడా దానితో కలిపి చూస్తే సంగతి అర్థమవుతుంది. 2022 జనవరిలో కేంద్రం ఇచ్చిన హోం ఐసోలేషన్ గైడ్‌లైన్స్‌లోనే ఏడు రోజులయ్యాక, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే, మళ్లీ టెస్ట్ అక్కర్లేదని రాశారు. ఎవరు చదివారు?

అసలు బాధ ఆ తర్వాత. మార్చి నెలాఖరుకు మయామిలో ఓడ ఎక్కాలి. అప్పట్లో అమెరికా విమానం ఎక్కాలంటే ఒక రోజు ముందు చేయించిన నెగెటివ్ టెస్ట్ కావాలి. లేదంటే 90 రోజుల లోపు పాజిటివ్ రిపోర్టు, కోలుకున్నాడని డాక్టరు ఉత్తరం చాలు. అంటే ఓడ మీద వచ్చిన పాజిటివ్ కాగితమే అతనికి టికెట్టు. "అది చెరిపేశాను మేడమ్, ఎవరైనా చూస్తారని" అన్నాడు. ఓడ మెడికల్ సెంటర్‌కు మెయిల్ పెడితే రెండు రోజులకు రికార్డు పంపారు. మా డాక్టరు గారు ఉత్తరం రాశారు. వెళ్లాడు.

ఆ రూలు 2022 జూన్‌లో పోయింది. అయినా మీకు చెప్పేదొకటే: ఓడలో ఏ టెస్ట్ చేసినా, ఏ ఫలితం వచ్చినా, శాంపిల్ తీసిన తేదీతో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో కాగితం అడిగి తీసుకోండి. దిగాక నిజంగా జ్వరం, దగ్గు ఉంటే మాస్కు పెట్టుకుని టెస్ట్‌కు రండి. ఇంట్లో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఇంకా ముందే రండి. భయపడడం తప్పు కాదు.

మిగతావి

కోవిడ్ రోజుల్లో చాలాచోట్ల ప్రయాణానికి 72 గంటల లోపు చేయించిన టెస్ట్ అడిగేవాళ్లు. ఆ 72 గంటలను రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి లెక్కపెట్టి విమానం పోగొట్టుకున్నవాళ్లున్నారు. లెక్క శాంపిల్ ఇచ్చిన సమయం నుంచి ఉండేది.

శానిటైజర్ ఉంటే చాలన్నది తప్పు. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి సరిగ్గా లొంగదు. సబ్బు, నీళ్లే.

"ఎల్లో ఫీవర్ టెస్ట్ చేస్తారా" అని ఓడ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు అడుగుతుంటారు. అక్కడ టెస్ట్ పనికిరాదు, టీకా కార్డే కావాలి. కార్డు లేకుండా, దోమలతో వచ్చే ఈ జబ్బున్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వస్తే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. కాంట్రాక్టులో ఓడ ఆగే రేవుల పేర్లు చూసుకోండి. బ్రెజిల్ లాంటివి కనిపిస్తే హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో టీకా ముందుగానే వేయించుకోండి. వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. దాన్ని పాస్‌పోర్టు కవర్లోనే పెట్టుకోండి.