మూడో డోసు దగ్గర ఆగిపోయే వైద్య విద్యార్థులు

కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి హెపటైటిస్ బి రక్తం ద్వారా సోకుతుందని, దానికి టీకా ఉందని వైద్య విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్షలో అడిగితే సున్నా, ఒకటి, ఆరు నెలలు అని డోసుల లెక్క కూడా రాసేస్తారు. మరి నువ్వు వేయించుకున్నావా అంటే మాత్రం ‘రెండయ్యాయి, మూడోది వేయించుకోవాలి’ అనే వారికి కొదవ లేదు. దీన్ని వట్టి బద్ధకమని కొట్టిపారేస్తే సగం కథే చెప్పినట్టు.

అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లూంబర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనుగొన్న యాంటీజెన్ అనే ప్రోటీన్, ఈ వైరస్‌కు ఆనవాలని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా 1969-70లో ఎడిన్‌బరోలోని ఒక డయాలసిస్ విభాగంలో వ్యాధి ప్రబలి రోగులే కాదు, సిబ్బంది కూడా చనిపోయారు. వైద్యం చేసేవారికీ ఇది ప్రాణాంతకమేనని ఆ ఘటన చాటింది.

తొలి టీకాకు అమెరికాలో 1981లో అనుమతి లభించింది. వైద్య సిబ్బంది వేయించుకోవాలన్న సిఫారసు మరుసటి ఏడాదే వచ్చింది. కానీ ఆ టీకాను వైరస్ ఉన్నవారి రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా నుంచి తయారుచేసేవారు. సరిగ్గా అప్పుడే ఎయిడ్స్ బయటపడింది. టీకాతో పాటు అదీ అంటుకుంటుందేమోనన్న భయం పాకింది. తయారీలో వైరస్‌లన్నీ నశిస్తాయని రుజువులు చూపినా డాక్టర్లే వెనకాడారు. టీకాలంటే జనం భయపడుతున్నారని విసుక్కునే వృత్తివారు ఇది గుర్తుంచుకోవాలి.

1986లో మనిషి రక్తంతో పనిలేకుండా, జన్యు మార్పిడి చేసిన ఈస్ట్ కణాలతో తయారైన టీకా రావడంతో ఆ అనుమానానికి తావు లేకుండా పోయింది. రక్తంతో పనిచేసే సిబ్బందికి యజమానులే ఉచితంగా టీకా ఇవ్వాలని 1991లో అమెరికా నిబంధన తెచ్చింది. అది వర్తించేది ఉద్యోగులకే. వార్డులో రక్తం తీసే విద్యార్థి ఉద్యోగి కాడు కదా!

మన దేశంలో భయం కన్నా ధర పెద్ద అడ్డంకి అయింది. దిగుమతి టీకా సామాన్యుడికి అందేది కాదు. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తొలి దేశీయ రీకాంబినెంట్ (జన్యు మార్పిడితో చేసిన) టీకాను విడుదల చేశాక ధరలు దిగివచ్చాయి. 2002లో కొన్ని నగరాలు, జిల్లాల్లో పసిపిల్లలకు ప్రయోగాత్మకంగా మొదలైన ఉచిత టీకా, 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. వాడిన సూదుల వంటి జీవవైద్య వ్యర్థాలను తాకే ఆసుపత్రి సిబ్బందికి టీకా వేయించాలని ఆ వ్యర్థాలపై వచ్చిన 2016 నిబంధనలు చెప్పాయి. 2018లో జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమూ వచ్చింది.

ఇన్ని జరిగినా విద్యార్థుల్లో భయం తప్పుదారిలోనే ఉంది. సూది గుచ్చుకుంటే వారికి మొదట గుర్తొచ్చేది హెచ్‌ఐవి. రోగికి హెచ్‌ఐవి ఉంటే ఆ ఒక్క పోటుతో సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ బి విషయంలో, టీకా లేనివారికి అది 6 నుంచి 30 శాతం. సీనియర్లు తిడతారని గాయాన్ని దాచేవారూ ఉంటారు. టీకా లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే రక్షక ప్రోటీన్ల (యాంటీబాడీల) ఇంజెక్షన్, వీలైతే 24 గంటల్లోపే ఇవ్వాలి. దాచిపెడితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఇప్పుడు చేరుతున్న వారి నోట కొత్త సమాధానం వినిపిస్తోంది: ‘చిన్నప్పుడే వేశారు.’ నిజమే కావచ్చు, కార్డు మాత్రం ఉండదు. యాంటీబాడీ పరీక్ష చేసి, తక్కువ ఉంటే మరో డోసు ఇచ్చి చూడవచ్చు. చేరేటప్పుడు పదో తరగతి మార్కుల జాబితా దాకా అడిగే కళాశాలకు ఇదేమీ భారం కాదు. ఆరో నెలలో విద్యార్థిని పిలిచి మూడో డోసు వేయాల్సింది ఏ విభాగమో కూడా అప్పుడే తేల్చాలి.